మా ముత్తాత హాజరు, అమెరికా జైళ్ళు: పోలిక కుదురుతుందాండీ?

బుట్టలపిల్ల, కొత్తపేట:
ఏవండీ, ఎమ్మే హిస్టరీ సెమినార్‌కి అమెరికా జైళ్ళ గురించి చదువుతున్నాను. 1865లో బానిసత్వం రద్దు చేసిన 13వ సవరణలోనే ‘నేరానికి శిక్షగా తప్ప’ అని మెలిక పెట్టారట. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందు చూసుకుని, పనిలేక తిరుగుతున్నారంటూ నల్లవాళ్ళని పట్టి ఖైదీలుగా గనులకీ తోటలకీ కిరాయికిచ్చాయి. చదువుతుంటే మా మామ్మ మాటలు గుర్తొచ్చాయి. మేం ఎరుకలోళ్ళం. వాళ్ళ నాన్న పక్కూరు పెళ్ళికెళ్ళాలన్నా ఠాణాలో చెప్పాలిట, రాత్రిళ్ళు హాజరు. ఏ దొంగతనమూ చెయ్యలేదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టొచ్చా?

లంకరైతు:
తప్పు చెయ్యకుండా ఎవరు పట్టుకుంటారమ్మా? మా చిన్నప్పుడు లంకలో అరటిగెలలు పోతే పోలీసులు ముందు మీ పేటకే వెళ్ళేవారు. ఊరికే వెళ్ళరు కదా.

బుట్టలపిల్ల:
అదేనండి నా బాధ. గెల ఎవరు కొట్టినా మా పేటకే!

పాత మాస్టారు, రాజమండ్రి:
అమ్మాయ్, కుదురుతుంది గానీ సగమే. అక్కడ మనిషిని సొత్తుగా కొని అమ్మారు. ఇక్కడ 1871 నేరస్థ తెగల చట్టం కొన్ని కులాల్లో పుట్టడాన్నే నేరం చేసింది. మద్రాసుకి 1911లో వచ్చింది. నీకు అక్కడి ఆదివాసుల కథ ఇంకా దగ్గర. 1875లో మైదాన తెగల వాళ్ళని విచారణ లేకుండా ఫ్లోరిడా కోటలో పెట్టారు. కాపలా అధికారి ప్రాట్, 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో ఆదివాసుల పిల్లలకి బడి పెట్టి జుట్టు కత్తిరించాడు, బాగుచేస్తానని. ఆ చట్టం కింద మనవాళ్ళని ఉంచిన స్టూవర్టుపురం సెటిల్మెంటు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికెళ్ళిందీ ఆ మాట మీదే.

కోర్టుపక్షి, కాకినాడ:
ఇంకోటి. చట్టం మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో పోయింది. కానీ విముక్త జాతుల్ని, అంటే ఆ చట్టం నుంచి బయటపడ్డ కులాల్ని, అలవాటు నేరస్థులుగా చూసే రాతలు జైలు మాన్యువళ్ళలో ఉండిపోయాయి. కులాన్ని బట్టి పని పంచడంతో పాటు వాటినీ సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న కొట్టేసింది. మీ పేపర్‌లో ఇది తప్పక పెట్టండి.

బుట్టలపిల్ల:
చాలా థాంక్సండీ మాస్టారూ. అయితే పోలిక తగ్గించి తేడా ఎక్కువ రాస్తాను. ఆదివారం మామ్మ దగ్గరికెళ్ళి అడగాలి, హాజరుకి పేరు పెట్టి పిలిచేవారా, నెంబరా అని.