ఎత్తు పెంచిన జిప్సీకి పొడవైన షాకులు (షాక్ అబ్జార్బర్లు) వేశాక వెనుక నుంచి ఇనుప చప్పుడు

ప్రశ్న:
నాది 2011 నాటి మారుతి జిప్సీ. రాజమండ్రి నుంచి నెలకోసారి మారేడుమిల్లి మీదుగా గుడిస కొండకు వెళ్తుంటాం. పైకి వెళ్లేకొద్దీ దారంతా రాళ్లు, వాననీళ్లు కోసిన చాళ్లు. అందుకని కమాన్లు (బండి బరువు మోసే పట్టీల స్ప్రింగులు) మార్పించి బండి ఎత్తు 50 మి.మీ. పెంచాను. దాంతో పాత షాకులకు పొడవు చాలలేదు. చక్రం గుంతలోకి దిగితే చాలు, పూర్తిగా సాగి టక్కున ఆగేవి. పొడవైనవి తెప్పించి నేనే బిగించాను. సాగితే 540 మి.మీ., మూసుకుంటే 340.

ఖాళీ బండి హాయిగా నడుస్తోంది. ఐదుగురం ఎక్కి కొండ దిగుతుంటే మాత్రం వెనుక కుడివైపు ఇనుము ఇనుముకు కొట్టుకుంటున్న చప్పుడు. కింద పడుకుని చూస్తే షాకు పైకొసను బండికి పట్టి ఉంచే బ్రాకెట్ దగ్గర రంగు వెంట్రుకవాసి చీలి ఉంది. ఇంకా గట్టి షాకులు వేయాలా?

1వ జవాబు:
వద్దండి. షాకు బరువు మోయదు, బరువు మోసేది కమాను. షాకు పని ఊపును అణచడమే. ముందు ఆ బ్రాకెట్‌ను వైరు బ్రష్‌తో గీకి, చీలిక రంగుతో ఆగిందో ఇనుములోకి దిగిందో చూడండి. దిగి ఉంటే వెల్డింగ్ అయ్యేదాకా కొండెక్కవద్దు.

మీరు రెండు కొలతలిచ్చారు, అసలైనది ఇవ్వలేదు. యాక్సిల్ (చక్రాల ఇరుసు) పైకి లేచి, అది ఛాసీకి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరును తాకినప్పుడు, షాకు పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య దూరమెంత? అది 340 కంటే తక్కువైతే యాక్సిల్ రబ్బరును తాకకముందే షాకు పూర్తిగా మూసుకుపోయి ఆగిపోతుంది. ఆ దెబ్బ మొత్తం పిస్టన్ మీద, బ్రాకెట్ మీద పడుతుంది. పొడవైన షాకు మూసుకున్నప్పుడు కూడా పొడవుగానే ఉంటుంది. ఎత్తు పెంచినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే. నేనూ మరిచిపోయాను. ఒక్క వానాకాలంలో నా బండి షాకు రాడ్డు వంగి, సీలు దగ్గర నూనె కారింది.

కొలవడానికి వెనుక షాకులు విప్పండి. కుడి వెనుక చక్రాన్ని, ఎడమ ముందు చక్రాన్ని చెరో గట్టు మీదికి నెమ్మదిగా ఎక్కించండి. రబ్బరు తాకకపోతే ఆ మూలన ఇద్దరిని కూర్చోబెట్టండి. బండి కదలకుండా మిగతా చక్రాలకు రాళ్లు పెట్టాకే కిందికి దూరండి. తర్వాత ఛాసీని స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్‌ను పూర్తిగా వేలాడదీసి మరోసారి కొలవండి. ఈ దూరం 540 కంటే తక్కువ ఉండాలి.

ఇంకో మాట. కమాన్ల, షాకుల చివర్లలో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు గాల్లో ఉండగానే బిగించారా? అయితే వదులు చేసి, బండి బరువు నేలమీద ఉండగా మళ్లీ బిగించండి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది.

2వ జవాబు:
యాక్సిల్‌ను వేలాడదీసినప్పుడు బ్రేకు గొట్టాన్ని కూడా చూడండి. బిగుసుకుపోతుంటే పొడవైనది వేయించండి. గొట్టం తెగితే దిగుడులో బ్రేకులు సరిగా పట్టవు.

అడిగినవారు:
కొలిచాను. రబ్బరు తాకినప్పుడు 325, వేలాడినప్పుడు 510. అంటే రబ్బరు దాకా వెళ్లాలంటే షాకు ఇంకో 15 మి.మీ. మూసుకోవాలి, అది కుదరదు. చీలిక ఇనుములోకి కొద్దిగా దిగింది. వెల్డింగ్‌కు ఇచ్చాను.

1వ జవాబు ఇచ్చినవారు:
షాకు కంటే ముందు రబ్బరే తాకేలా బంప్ స్టాప్‌ను దిమ్మతో కిందికి దించాలి. అయితే 15 మి.మీ.కు సరిపడా దిమ్మ వేస్తే చాలదు. తాకిన తర్వాత కూడా బరువుకు రబ్బరు నలుగుతుంది. బంప్ స్టాప్ పైన 45 మి.మీ. ఇనుప దిమ్మ పెట్టించండి, రెండు వైపులా. తర్వాత షాకు దుమ్ము తొడుగు పైకి జరిపి, రాడ్డుకు అడుగున సన్నని ప్లాస్టిక్ టై బిగించి వెళ్లిరండి. ఎంత మూసుకుందో అదే చూపిస్తుంది.

అడిగినవారు:
ఆదివారం ఐదుగురం వెళ్లివచ్చాం. ఇనుప చప్పుడు లేదు, రబ్బరు తాకిన మెత్తని దెబ్బ మాత్రం రెండుసార్లు వినిపించింది. కుడి రాడ్డు మీద టై, పూర్తిగా మూసుకోవడానికి 12 మి.మీ. ఇవతలే ఆగింది. బోల్టులు నేలమీదే బిగించాను. చాలా కృతజ్ఞతలండి.