గంజాం నుంచి వెళ్లిన సిపాయి ఏ పటాలమో వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) వెళ్లి తిరిగి రాలేదు. తర్వాత చనిపోయినవాళ్ల ఇళ్లకు బ్రిటిష్ ప్రభుత్వం పంపిన కంచు బిళ్ల మా దగ్గరుంది. దానిమీద పేరే ఉంది. హోదా, నంబరు, పటాలం లేవు.

కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో పేరుని రకరకాల స్పెల్లింగులతో వెతికాను. ఒడిశా అని ఇస్తే ఏమీ రాలేదు. 1936 వరకు మన గంజాం ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి అలాగూ చూశాను. అదే పేరున్నవాళ్లు చాలామంది వస్తున్నారు, తండ్రి పేరు కలవడం లేదు. సైనిక సంక్షేమ కార్యాలయంలో అంత పాతవి లేవన్నారు.

మా తమ్ముడు అగ్నివీర్‌గా ఎంపికయ్యాడు. వాడు శిక్షణకు వెళ్లేలోగా ఊళ్లో ముత్తాత పేరున రాయి వేయించాలని నా పట్టుదల. తెల్లదొరల కోసం పోయినవాడికి రాయేమిటని కొందరు పెద్దలంటున్నారు. నేనొప్పుకోను. జెండా ఎవరిదైనా పోయింది మన ఊరి మనిషి. ఇరాక్‌లోని బస్రా యుద్ధ స్మారకం మీద మన మామూలు సిపాయిల పేర్లు చెక్కలేదు, పటాలం కింద ఇంతమంది అని అంకె వేశారంతే. ఇక్కడైనా పేరు ఉండాలి. కానీ తప్పుడు పటాలం చెక్కించలేను.

నంబరు తెలియకుండా ఆయన పటాలం కనుక్కోవాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఏ రికార్డు అడగాలి?