మజ్జిగ పందిట్లో పరిచయం: సేవకు వెళ్లి తోడు వెతుక్కోవడం తప్పా?

మర్రిపాలెం:
సింహాచలం గిరి ప్రదక్షిణకు మా వీధివాళ్లం ఈ ఏడు సీతమ్మధార దగ్గర మజ్జిగ పందిరి వేశాం. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు మధ్యాహ్నం మొదలుపెట్టి, తెల్లవార్లూ పోస్తూనే ఉన్నాం. పక్క పందిట్లో పులిహోర పెడుతున్న అబ్బాయితో మా పిన్ని కూతురికి పరిచయమైంది. ఇప్పుడది పెళ్లి మాటల దాకా వచ్చింది. నాకు సంతోషమే. మా పెదనాన్న మాత్రం “సేవకు వెళ్లారా, సంబంధం చూసుకోవడానికి వెళ్లారా?” అన్నారు. అప్పటి నుంచి ఇల్లు రెండు వర్గాలైంది. మీరేమంటారు?

గౌతమీ తీరం:
నేను పెదనాన్నగారి పక్షం. ప్రతిఫలం ఆశిస్తే అది సేవ కాదు, బేరం. ఈమధ్య విరాళాల నడకల్లోనూ ఇదే చూస్తున్నాను. ఏ జబ్బు కోసం నడుస్తున్నామో అడిగితే చెప్పలేనివాళ్లు వస్తున్నారు. టీషర్టు వేసుకుంటారు, ఫొటో దిగుతారు, నాలుగు పరిచయాలు చేసుకుని వెళ్లిపోతారు. మనసు తోడు మీద ఉన్నప్పుడు ఎదుటివాడి ఆకలి కంటికి ఆనదు.

లంకల ఊరు:
గోదావరి పేరు పెట్టుకుని మీరే ఇలా అంటే ఎలాగండీ? లంకల గన్నవరంలో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారిని తలుచుకోండి. మండపేటలో ఆమె తండ్రి ఇంటికి జోగన్న పంతులుగారు అతిథిగా వచ్చారని, ఆ ఇంటి ఆదరణ, సీతమ్మగారు వడ్డించిన తీరు నచ్చే పెళ్లాడారని మా వైపు చెప్పుకుంటారు. విస్తరి దగ్గర కుదిరిన సంబంధమే కదా అది! అందువల్ల ఆ ఇంట్లో అన్నదానం తగ్గిందా, పెరిగిందా?

గరిటె పట్టిన చేయి:
పెళ్లి కుదిరిన కథలే అందరూ చెబుతారు. కుదరనిది నేను చెబుతాను. ఒక నడకలో సేవకుల పేర్లు, ఫోను నంబర్లు పుస్తకంలో రాయించారు. అందులోంచి నా నంబరు తీసుకుని ఒకతను అర్ధరాత్రి దాకా సందేశాలు పంపేవాడు. నిర్వాహకులకు చెబితే “మంచి కుర్రాడేనమ్మా, రోజూ సేవకు వస్తాడు” అన్నారు. పందిట్లో ఎవరైనా ఇబ్బంది పెడితే లేచి వెళ్లిపోలేను. చేతిలో గరిటె ఉంటుంది, ముందు వరస ఉంటుంది. తోడు వెతుక్కోవద్దని నేను అనను. అడిగేదేదో పని అయ్యాక, నలుగురిలో ఒక్కసారి అడగాలి. కాదంటే అక్కడితో ఆపేయాలి.

పాత మాస్టారు:
అమ్మా, మీకు జరిగింది ముమ్మాటికీ తప్పు. ఆ నిర్వాహకుల మాట అంతకన్నా తప్పు.

గౌతమీ తీరం గారికి నా సంగతి చెప్పాలి. మా ఆవిడ గిరి ప్రదక్షిణ మొక్కు తీరకుండానే పోయింది. ఆ ఏడు నేనొక్కడినే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరాను. మొత్తం 32 కిలోమీటర్లు. అడవివరం, హనుమంతవాక దాటి అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేసేదాకా బాగానే ఉంది. వెంకోజీపాలెం వచ్చేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఒక పందిట్లో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా మనవడి వయసువాడు కాళ్లు కడిగి మందు రాశాడు. రాస్తూ “ఎవరితో వచ్చారు తాతగారూ?” అన్నాడు. ఎవరితోనూ రాలేదని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

మరుసటి ఏడు అదే పందిట్లో నేను నీళ్లు పోశాను. నిజం చెబుతున్నాను, సేవ చేద్దామని వెళ్లలేదు. మాట్లాడే మనుషుల కోసం వెళ్లాను. కానీ నా ఒంటరితనం వల్ల ఆ నీళ్లు ఎవరి గొంతులోనూ చేదెక్కలేదు. ఇప్పుడు అదే బృందంతో నెలకోసారి ఆసుపత్రి బయట రోగుల బంధువులకు భోజనం పెడుతున్నాం. మొన్న నాకు జ్వరం వస్తే నాలుగు రోజులు ఆ పిల్లలే చారన్నం తెచ్చారు. ఇది బేరమంటారా?

గౌతమీ తీరం:
మాస్టారూ, మిమ్మల్ని ఉద్దేశించి అనలేదు, మన్నించండి. మీరు ఆ పనిలో నిలబడ్డారు. నా బాధంతా నిలబడనివారి గురించే. ప్రదక్షిణ మర్నాడు ఆ దారి చూశారా? కాగితం గ్లాసులు, అరటి తొక్కలు, విస్తళ్లు కాలువల్లో పేరుకుపోయి ఉంటాయి. పందిట్లో వందమంది ఉంటే, మర్నాడు గోనెసంచి పట్టుకుని వచ్చేది పదిమంది కూడా ఉండరు. వాటిని ఏరడానికి వచ్చినవాడు తోడు కోసం వచ్చాడన్నా నేను నమ్ముతాను, గౌరవిస్తాను.

లంకల ఊరు:
ఈ మాటకు నాకూ అభ్యంతరం లేదు.

మర్రిపాలెం:
ముందుగా గరిటె పట్టిన చేయి గారికి. మీరు రాసింది మా వీధివాళ్లకు చూపించాను. వచ్చే ఏడు నంబర్ల పుస్తకం మా అత్తయ్య దగ్గరే ఉంటుంది, ఎవరి చేతికీ ఇవ్వం. ఫిర్యాదు వస్తే ఆ మనిషికి పందిట్లో చోటుండదు.

ఇక పెదనాన్నకు ఈ చర్చంతా చదివి వినిపించాను. మాస్టారి మాటల దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాసేపాగి “ఆ అబ్బాయి మర్నాడు గ్లాసులు ఏరడానికి వచ్చాడా?” అని అడిగారు. వచ్చాడు. ఇసుకతోట దాకా సంచి మోసింది అతనే, నేను పక్కనే ఉన్నాను. ఆ మాటే చెప్పాను.

“అయితే వాళ్ల నాన్నగారి నంబరు ఇవ్వు” అన్నారు.