మా పాటల ఇంటి వంశవృక్షం ముత్తాత దగ్గరే ఆగిపోయింది, దారి చూపండి

పాటలింటి మనవడు:
అందరికీ నమస్కారం. పొద్దున్నే వెళ్లి సాయంత్రం దాకా మా కథోలిక విచారణ (గుడి పరిధిలోని ఊళ్లు, అంటే పారిష్) కార్యాలయంలో కూర్చుని వట్టి చేతులతో తిరిగి వచ్చాను. కళ్లు మండుతున్నాయి, దుఃఖమూ కోపమూ రెండూ వస్తున్నాయి. మా ముత్తాత పేరు చిన్నప్ప. ఆయన హార్మోనియం వాయించేవాడు, ఆయన అన్న రాయప్ప మృదంగం, మా తాత ఫిడేలు. ఊళ్లో పండుగ జరిగినా, ఎవరైనా పోయినా మా ఇంటి పాట లేకుండా పని జరిగేది కాదట. ముత్తాత స్వయంగా కట్టిన పాటల నోటుపుస్తకం ఇప్పటికీ మా పెదనాన్న పెట్టెలో ఉంది. బెజవాడ రేడియోలో కూడా ఆయన హార్మోనియం వాయించాడని ఇంట్లో అందరూ చెప్తారు. అంతటి మనిషి పేరు జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకంలో లేదు! ఉన్న పేజీలన్నీ తిరగేశాను. చిన్నప్ప అన్న మాటే ఎక్కడా కనిపించలేదు. అక్కడున్న గుమస్తా "లేకపోతే లేదు, మేమేం చేస్తాం" అన్నాడు. పెదనాన్నకు ఎనభై దాటాయి. ఆయన ఉండగానే ఈ వంశవృక్షం పూర్తి చేసి చూపించాలని నా తపన. దయచేసి సాయం చేయండి.

పాత కాగితాలు:
ఏ మేత్రాసనం (బిషప్పు పరిధి)? ఏ సంవత్సరాల పుస్తకం చూశారు? ఏ భాషలో ఉంది? ఇవి చెప్పకుండా సాయం అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

శ్రుతిపెట్టె:
రేడియో మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆకాశవాణి 1940 మార్చిలో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం సుమారు ముప్ఫై ఏళ్లు నడిచింది. విజయవాడ కేంద్రం మొదలైందే 1948 డిసెంబరు 1న. అంటే ఆ కేంద్రం పుట్టేనాటికే హార్మోనియానికి తలుపులు మూసి ఉన్నాయి. మన గమకాలు ఆ మెట్లమీద పలకవన్నది నిషేధించినవారి వాదన. అందులో కొంత నిజం ఉంది, కాదనను. కానీ పల్లెల్లో భజనను, నాటకాన్ని, గుడిపాటను ఇన్నేళ్లు నిలబెట్టింది ఆ పెట్టే. ఫ్రాన్సులో 1842లో దెబెయిన్ అనే ఆయన హక్కు (పేటెంటు) పొందిన వాద్యం అది. అక్కడ కాళ్లతో తొక్కేవారు. మన దేశానికి వచ్చాక నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ మరో చేత్తో వాయించేలా మారింది. దాన్ని పరాయి వాద్యం అని తీసిపారేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పాత కాగితాలు:
ఆయన అడిగింది ముత్తాత గురించి, హార్మోనియం చరిత్ర గురించి కాదు.

శ్రుతిపెట్టె:
ముత్తాత గురించే చెప్తున్నాను. ఆయన రేడియోలో పాడి ఉండవచ్చు. లేదా నిషేధం ఎత్తేశాక వెళ్లి ఉండవచ్చు, అప్పుడు వాయించింది ముత్తాతా, తాతా అన్న ప్రశ్న వస్తుంది. ఇంట్లో చెప్పుకునే కథలో ఒక తరం ఇంకో తరంలో కలిసిపోవడం మామూలే. వంశవృక్షం గీసేవారికి ఇది తెలియాలి.

గుంటూరు వాసి:
బాప్తిస్మం రికార్డు కోసమైతే లూథరన్ మిషన్ వారిని కూడా అడగండి. గుంటూరులో వారి పని 1842లోనే మొదలైంది. రికార్డులు బాగా ఉంచుతారు. వారి కీర్తనల పుస్తకంలో పాటల కింద రచయితల పేర్లు కూడా ఉంటాయి, అందులో మీ ముత్తాత పేరు దొరకవచ్చు.

విశ్రాంత ఉపదేశి:
అయ్యా, వారు కథోలికులు. చిన్నప్ప, రాయప్ప అన్న పేర్లు చూస్తేనే తెలుస్తుంది. కథోలికులకు అది జ్ఞానస్నానం, బాప్తిస్మం అనరు. లూథరన్ పుస్తకాల్లో వారి ఊసు ఉండదు.

గుంటూరు వాసి:
ఏ మాట అన్నా పోసేది నీళ్లే కదా. మా మేనత్త గారి ఇంట్లో ఒక తమ్ముడు అటు, ఒక తమ్ముడు ఇటు ఉన్నారు. పల్లెల్లో ఇలా చాలా ఇళ్లు ఉన్నాయి. వెతకడంలో తప్పేమీ లేదు.

విశ్రాంత ఉపదేశి:
వెతకవచ్చు. ముందు సొంత ఇల్లు వెతికాక పక్క ఇల్లు. మనవడు గారూ, ఇక మీకు. మీరు చూసిన పుస్తకం లాటిన్‌లో ఉందా? ఉంటే అందులో చిన్నప్ప అన్న పేరు ఉండదు, "పౌలుస్" అని ఉంటుంది. మన పాత కథోలిక పేర్లు చాలావరకు తమిళ దేశపు మిషన్ల నుంచి వచ్చాయి. చిన్నప్ప అంటే పునీత (సెయింట్) పౌలు, రాయప్ప అంటే పేతురు, అరుళప్ప అంటే యోహాను, ఇన్నాసి లేక ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్, జ్ఞానప్రకాశం అంటే అలోషియస్. ఊరంతా చిన్నప్ప అని పిలిచినా గురువులు (ఫాదర్లు) పుస్తకంలో లాటిన్ పేరే రాసేవారు. పైగా తండ్రి పేరుగా రాసినప్పుడు చివర మారుతుంది. పౌలుస్ కుమారుడు అనడానికి "పౌలి", పేతురు కుమారుడు అనడానికి "పెత్రి". అది తెలియక ఎంతోమంది తమ వాళ్ల పేరు మీదుగానే చూపు పోనిచ్చి లేరనుకుని వెళ్లిపోతారు.

ఇంకొకటి. పేతురు, పౌలుల పండుగ జూన్ 29. అన్న రాయప్ప, తమ్ముడు చిన్నప్ప అంటే తండ్రికి ఆ పండుగ మీద భక్తి ఉందన్నమాట. ఇద్దరిలో ఒకరైనా జూన్, జూలైలలో పుట్టి ఉండవచ్చు. పుట్టిన నెలకు దగ్గరలోని పునీతుల పేరు పెట్టడం మనలో ఉంది. గట్టి రుజువు కాదు గానీ ముందు ఆ నెలలు వెతికితే పని తగ్గుతుంది.

పాటలింటి మనవడు:
అయ్యో, అక్షరాలు ఇంగ్లిషువే గానీ మాటలు అర్థం కాలేదు, పేర్లు మాత్రమే చూసుకుంటూ పోయాను. పౌలుస్ అని చాలాచోట్ల ఉంది! మాది పల్నాడు, గుంటూరు మేత్రాసనం. ముత్తాత 1900కు అటూ ఇటూ పుట్టి ఉంటాడు. మా ఊరి గుడి మాత్రం తర్వాత కట్టిందే. మొదటి పుస్తకం 1930ల్లో మొదలవుతుంది. దానికి ముందు అట్టలు ఊడిన ఇంకో పుస్తకం ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లకూ తెలియదు. ఇంటిపేరు ఇక్కడ రాయడం ఇష్టం లేదు.

పాత కాగితాలు:
ఇదీ అసలు సంగతి. మీ ఊరు విచారణ కాకముందు ఏ విచారణ కింద ఉండేదో ముందు తెలుసుకోండి. పాత పుస్తకాలు ఆ తల్లి విచారణలో ఉంటాయి. గుంటూరు మేత్రాసనం 1940లో ఏర్పడింది. దానికి ముందు నెల్లూరు, అదీ 1928లోనే. అంతకు ముందంతా మద్రాసు అగ్రమేత్రాసనం. 1918 నుంచి అమలైన కథోలిక సంఘపు ధర్మశాస్త్రం ప్రకారం విచారణ గురువు ఏటా పుస్తకాల నకలు మేత్రాసన కార్యాలయానికి పంపాలి. అందరూ పంపారని కాదు. అడిగి చూడండి.

పల్నాటి కోడలు:
పాత విచారణ ఏదో ఊళ్లో ముసలివాళ్లను అడిగితే ఇట్టే చెప్తారు. "పూజకు ఎక్కడికి నడిచి వెళ్లేవాళ్లు?" అని అడగండి. విచారణ ఏది అంటే తెలియదంటారు గానీ, నడిచిన దారి మాత్రం మరిచిపోరు.

విశ్రాంత ఉపదేశి:
చాలా మంచి మాట అమ్మా. ఇక మృదంగం గురించి ఒకటి చెప్పాలి. రాయప్ప గారు గుడిలో పూజలో మృదంగం వాయించారని మీ ఇంట్లో చెప్పుకుంటుంటే అది సరిచూసుకోవాలి. పదో భక్తినాథ (పయస్) పాపుగారు, అంటే పోపు, 1903లో సంగీతం మీద ఇచ్చిన ఆజ్ఞలో డప్పులు, తాళాల వంటి చప్పుడు చేసే వాద్యాలు గుడిలో వద్దన్నారు. పియానో కూడా వద్దన్నారు. పాటలతో చేసే పూజ (పాడుపూజ) లాటిన్‌లోనే. తెలుగు పాటకు చోటు దొరికింది ఊరేగింపుల్లో, జపమాల దగ్గర, శ్రమల కాలపు భక్తిలో. 1963లో రెండో వాటికన్ మహాసభ దైవార్చన మీద పత్రం వెలువరించాకే మన భాషకూ మన వాద్యాలకూ గుడి లోపల చోటు వచ్చింది. కాబట్టి రాయప్ప గారు గుడి బయటి విద్వాంసులై ఉండాలి.

పల్నాటి కోడలు:
మాస్టారూ, రోములో రాసిన ఆజ్ఞ రోడ్డు కూడా లేని ఊరికి ఎప్పుడు చేరిందో ఎవరు చూశారు? గురువులు ఏ నెలకో ఒకసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు ఉపదేశి చేత జపాలు, ఊరి వాళ్ల చేత పాటలు. అప్పుడు మృదంగం వద్దని చెప్పేవారెవరు? మా అత్తగారి మామగారు కంజీర వాయించారు, గుడి లోపలే.

విశ్రాంత ఉపదేశి:
గురువులు లేని ఆదివారం జరిగేది పూజ కాదు, ప్రార్థన. నేను పూజ గురించి చెప్పాను.

పల్నాటి కోడలు:
వాయించినవాడికి ఆ తేడా ఏముంటుంది? ఆయన గుడిలో దేవుని ముందు వాయించాడు. మనవడికి చెప్పుకునేది అదే.

శ్రుతిపెట్టె:
ఇద్దరూ ఒకే మాట రెండు వైపుల నుంచి చెప్తున్నారు. నాకు ఆ నోటుపుస్తకం మీద ఆశగా ఉంది. ప్రతి పాట పైన రాగం, తాళం, "ఫలానా పాట మెట్టు" (అంటే ఆ పాట వరుస) అని రాసి ఉందా? ఆ మెట్టు ఏ నాటకంలోదో, ఏ హరికథలోదో తెలిస్తే ఆ పాట అంతకు ముందుది కాదని తేలుతుంది. గురువు పేరు తలచుకునే పాట కూడా ఒకటి ఉంటుంది, మొదటి పేజీల్లో చూడండి. హార్మోనియం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో తెలిస్తే ఏ ఊళ్లో ఎప్పుడు ఉన్నాడో తెలుస్తుంది. జ్ఞానస్నానం పుస్తకం పుట్టుక చెప్తుంది, పాటల పుస్తకం బ్రతుకు చెప్తుంది.

పాత కాగితాలు:
జ్ఞానస్నానాల పుస్తకంలో పేజీల అంచులు చూడండి. 1908 నుంచి పెళ్లి వివరం వధూవరుల జ్ఞానస్నానం నమోదు పక్కన రాయాలన్న నియమం ఉంది. ఎవరిని, ఎక్కడ చేసుకున్నారో అక్కడే దొరుకుతుంది. ఆడపిల్లలు ఏ ఊరికి వెళ్లారో కూడా.

విశ్రాంత ఉపదేశి:
పెళ్లి పుస్తకం కూడా వదలకండి. మీ ఇంట్లో మేనరికాలు ఉన్నాయా? రక్తసంబంధంలో పెళ్లికి అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతిని పెళ్లి నమోదులో రాస్తారు. పాత లెక్కలో మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి రెండో అంతస్తు, వారి పిల్లల మధ్య అయితే మూడోది. 1918 తర్వాత మూడో అంతస్తు దాకా అడ్డంకి, దానికి ముందు నాలుగో దాని దాకా. "కోన్‌సాంగ్వినితాస్" (రక్తసంబంధం) అన్న మాట కనిపిస్తే, దాని పక్కన అంతస్తు ఉంటే, ఇద్దరికీ ఉమ్మడి తాతముత్తాతలు ఎన్ని తరాల వెనక ఉన్నారో గురువులే లెక్కగట్టి ఇచ్చారన్నమాట. నేను మూడు కుటుంబాలకు ఇలాగే కట్టి ఇచ్చాను. జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచేవారి) పేర్లు కూడా రాసుకోండి. పాటగాళ్ల ఇళ్లలో తోటి పాటగాణ్నే జ్ఞాన తండ్రిగా పెట్టుకోవడం నేను చూశాను.

గుంటూరు వాసి:
ఇదంతా ఎందుకు, ఇంటర్నెట్‌లో వంశవృక్షాల సైట్లు ఉన్నాయి కదా. చర్చి పుస్తకాలన్నీ ఫొటోలు తీసి పెట్టారు.

పాత కాగితాలు:
అన్నీ కాదు. ఆ పని చేసే మోర్మన్ సంస్థకు విచారణ పుస్తకాలు ఇవ్వవద్దని 2008లో వాటికన్ మేత్రాణులకు (బిషప్పులకు) రాసింది. వెళ్లి చూడాల్సిందే.

పాటలింటి మనవడు:
తల్లి విచారణకు వెళ్లి వచ్చాను. అక్కడి గురువులు ఎంతో ఓపికగా పాత పుస్తకాలు తీసి ముందు పెట్టారు. ఇన్నాసి కుమారులు పెత్రుస్, పౌలుస్ దొరికారు! పౌలుస్ జూలైలో పుట్టాడు. కానీ అదే ఊళ్లో, రెండేళ్ల తేడాతో, ఇంకో ఇన్నాసి కుమారుడు పౌలుస్ ఉన్నాడు. రెండింటిలోనూ ఇంటిపేరు రాయలేదు. మొదటివాడి పక్కన అంచులో పెళ్లి రాసి ఉంది, భార్య పేరు మరియ. మా ముత్తవ్వ పేరు ఆరోగ్యమ్మ. ఇప్పుడు ఈ ఇద్దరిలో మా వాడు ఎవరు?

విశ్రాంత ఉపదేశి:
ఆరోగ్యమ్మ అంటే ఆరోగ్యమాత పేరే కదా, పుస్తకంలో మరియ అని రాయడం సహజం. అయినా అంతమాత్రాన తేల్చకండి, మరియలు ఊరినిండా ఉంటారు. పెళ్లి నమోదు తెరిచి వధువు తండ్రి పేరు, సాక్షుల పేర్లు చూడండి. ఆరోగ్యమ్మ గారి పుట్టింటి వాళ్లు ఎవరో పెదనాన్నను అడగండి. రెండో పౌలుస్ చనిపోయిన వివరం సమాధుల పుస్తకంలో ఉంటే ఇంకా మంచిది, చిన్నతనంలోనే పోయి ఉంటే చిక్కు విడిపోతుంది.

పల్నాటి కోడలు:
సమాధుల తోటకు కూడా వెళ్లండి. రాతి సిలువల మీద తెలుగు పేరూ ఇంటిపేరూ చెక్కి ఉంటాయి.

పాత కాగితాలు:
పొలం దస్తావేజుల పాత నకళ్లు. తండ్రి పేరు, ఇంటిపేరు రెండూ ఉంటాయి.

పాటలింటి మనవడు:
అందరికీ ధన్యవాదాలు. ఆదివారం పెదనాన్నను వెంటబెట్టుకుని పెళ్లి పుస్తకం చూడటానికి వెళ్తున్నాను.

శ్రుతిపెట్టె:
నోటుపుస్తకం సంగతి చెప్పనే లేదు. మెట్లు రాసి ఉన్నాయా?