కందమూల కౌద్దాలికులా, గౌద్దాలికులా?

పల్లెపదం: బడి పిల్లల కోసం వ్యవసాయ పనిముట్ల పేర్ల లిస్టు రాస్తున్నా, పార, గునపం దగ్గరికి వచ్చేసరికి పోతన పేర చెప్పుకునే ఆ పద్యం పట్టుకుంది, కావ్యాన్ని నీచులకిచ్చి ఆ కూడు తినేకన్నా కవులు పొలం దున్నినా, అడవిలో దుంపలు తవ్వినా తప్పేమిటనేది. "హాలికులైన నేమి గహనాంతరసీమల కందమూల..." తర్వాత కౌ నా గౌ నా? రెండూ చూశాను. ఇంతకీ ఆ పనిముట్టుకి లిస్టులో ఏ మాట పెట్టాలి?

ఛందోభిమాని: కౌ. హలం నుంచి హాలికుడు, కుద్దాలం అనే తవ్వే పనిముట్టు నుంచి కౌద్దాలికుడు. సమాసమంతా సంస్కృతమే, క ని గ చేసే తెలుగు సంధి, గసడదవాదేశానికి అక్కడ చోటెక్కడిది?

సీమబిడ్డ: అంత తేలిగ్గా కొట్టెయ్యకండి మాస్టారూ. మనకి గుద్దలి ఉంది కదా, ఆ మాట నోట్లో ఆడేవాళ్ళు గౌ అన్నారంటే దానికో లెక్కుంది.

ఛందోభిమాని: పాడేవాళ్ళ నోట మారిందంటే సరే, కవే అలా రాశాడంటే ఒప్పుకోను. పోనీ ఛందస్సు తేలుస్తుందా అంటే అదీ లేదు, పాదం చివరి అక్షరం, కౌ అయినా గౌ అయినా గురువే, యతిప్రాసలు దాన్ని తాకవు.

నల్లమల: అక్షరం సరే, పని సంగతి చూడండి. అడవిలో దుంప తవ్వేటప్పుడు పార వేస్తే దుంప తెగిపోతుంది, చుట్టూ మట్టి గుల్ల చేసి పైకి లేపాలి, దానికి మొన ఉన్నదే కావాలి. అందుకే కుద్దాలం అంటే ఇక్కడ గునపమే అంటాను. మా వైపు గడ్డపార.

ఛందోభిమాని: నిఘంటువులు పార, గుద్దలి వైపే ఉన్నాయండీ.

నల్లమల: నిఘంటువు దుంపలు తవ్వలేదు కదండీ. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చింది అందుకే, రైతుల్ని అడిగి, ఏ మాట ఏ ప్రాంతానిదో గుర్తు పెట్టి మరీ. ముందు ఉన్నవన్నీ ఎక్కించాలి, ప్రమాణ పదం ఏదన్నది ఆ తర్వాతే.

సీమబిడ్డ: చేనేతది 1971లో వచ్చింది, అది ఇంకా బాగుంటుంది. అయినా పోతన గారు రాజుల్ని "ఇమ్మనుజేశ్వరాధముల" అని అధములన్నది భాగవతంలోనే ఉంది, విడిగా చెప్పుకునే ఈ చాటువు ఆయనది కాకపోయినా ఆ పౌరుషం మాత్రం ఆయనదే.

ఛందోభిమాని: ఆయనది కాదని ఎవరన్నారు?

పల్లెపదం: అయ్యా, నా లిస్టు! గునపం రాసి పక్కన గడ్డపార పెడుతున్నా. గుద్దలి ఇంకా ఎక్కడైనా వాడుకలో ఉందా?

సీమబిడ్డ: కన్నడంలో నేటికీ గుద్దలే. మడకశిర, ఆలూరు వైపు వాళ్ళెవరైనా ఉంటే చెప్పండి.