హబుల్‌ను కక్ష్యలో వదలడానికి మనుషులు వెళ్ళాల్సిన పనేముంది?

లెక్కల మాస్టారు:
నిన్న తొమ్మిదో తరగతిలో హబుల్ అనే అంతరిక్ష టెలిస్కోప్ తీసిన ఫొటోలు చూపిస్తుంటే ఒక పాప లేచి, "ఉపగ్రహాలన్నీ రాకెట్లో ఒంటరిగానే వెళ్తాయి కదా సార్, దీన్ని కక్ష్యలో వదలడానికి మాత్రం మనుషులెందుకు వెళ్ళారు?" అని అడిగింది. ఏదో చెప్పి కూర్చోబెట్టాను గానీ, ఇంటికొచ్చి ఆలోచిస్తే పాప అడిగిందే సబబనిపించింది.

1990 ఏప్రిల్ 24న మనుషుల్ని తీసుకెళ్ళి తిరిగొచ్చే డిస్కవరీ షటిల్‌లో ఐదుగురు వెళ్ళారు. మర్నాడు సుమారు 610 కి.మీ. ఎత్తున టెలిస్కోప్‌ను వదిలారు. నిజానికి అది 1986లోనే వెళ్ళాల్సింది. ఆ ఏడాది జనవరిలో ఛాలెంజర్ ప్రమాదంలో ఏడుగురు చనిపోవడంతో షటిళ్ళన్నీ ఆగిపోయాయి, వాటితోపాటే ఇదీ ఆగింది. మనుషులకు ముడిపెట్టకపోతే ఇంత ఆలస్యం అయ్యేదా? నా ఓటు "అవసరం లేదు" అనే దానికే. మీరేమంటారు?

రాత్రిడ్యూటీ:
వెళ్ళారు కాబట్టే బతికింది మాస్టారూ. ఏప్రిల్ 25న ఏం జరిగిందో చూడండి. ఆ ఐదుగురిలో ఒకడైన స్టీవెన్ హాలీ షటిల్ రోబో చేత్తో హబుల్‌ను మెల్లగా బయటికి ఎత్తాడు. షటిల్ నుంచి వచ్చే కరెంటు తీగ అప్పటికే ఊడదీశారు. ఇక బ్యాటరీలే దిక్కు, అవి కొన్ని గంటలే వస్తాయి. ఆలోపు సౌర ఫలకాలు విచ్చుకోవాలి. చాపలా చుట్టి పెట్టిన రెండింట్లో ఒకటి బాగానే పరుచుకుంది. రెండోది కాస్త విచ్చుకుని ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ ఆగింది.

వెంటనే బ్రూస్ మెక్‌క్యాండ్లెస్, క్యాథరిన్ సలివన్ స్పేస్ సూట్లు తొడుక్కుని బయటికి దారి ఉండే ఎయిర్‌లాక్ గదిలోకి వెళ్ళిపోయారు. అవసరమైతే బయటికెళ్ళి చేత్తో తిప్పి విప్పడానికి. ఉత్త రాకెట్ మీద పంపి ఉంటే ఈ వెసులుబాటు ఎక్కడిది?

సూళ్లూరుపేట కుర్రోడు:
అన్నా, కథ సగంలో ఆపేశావు. తర్వాత ఏమైంది? ఫలకం మీద లాగుడు ఎక్కువైతే ఆపేసే ఒక భాగం ఉంది. లాగుడు మామూలుగానే ఉన్నా అది ఊరికే గాభరా పడుతోందని కింద ఉన్న ఇంజనీర్లు కనిపెట్టారు. టెన్షన్ చూడాల్సిందే టెన్షన్ పెట్టిందన్నమాట. దాన్ని పట్టించుకోవద్దని భూమి నుంచి కమాండ్ పంపారు, ఫలకం చక్కగా పరుచుకుంది.

పాపం ఆ ఇద్దరూ ఎయిర్‌లాక్‌లోనే ఉండిపోయారు. హబుల్‌ను వదిలే క్షణం కోసం ఏళ్ళ తరబడి శిక్షణ తీసుకుని, ఆ క్షణంలో గోడ చూస్తూ నిలబడ్డారు. మరి పని చేసింది ఎవరు? కింద కుర్చీలో కూర్చున్నవాళ్ళు.

మా ఊరి సంగతి చెప్తా. 2015 సెప్టెంబర్ 28 ఉదయం 10 గంటలకు శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ వెళ్ళింది. అదీ టెలిస్కోపే, అతినీలలోహిత కాంతినీ ఎక్స్ కిరణాలనూ చూస్తుంది. మేడెక్కి చూసి, కిందికొచ్చి ఇడ్లీ తినేసరికి టీవీలో కక్ష్యలోకి చేరిందని చెప్పేశారు. మనిషి అవసరం ఎక్కడొచ్చింది?

రాత్రిడ్యూటీ:
ఆస్ట్రోశాట్ సుమారు 1,500 కిలోలు తమ్ముడూ, హబుల్ 11 టన్నుల చిల్లర. దానికీ దీనికీ పోలికేంటి?

సూళ్లూరుపేట కుర్రోడు:
బరువు సాకు చెల్లదు. అమెరికా వాళ్ళ భారీ గూఢచారి ఉపగ్రహాలు టైటాన్ రాకెట్ల మీద మనుషులు లేకుండానే వెళ్ళాయి. 2012లో ఆ నిఘా సంస్థే తన దగ్గర మిగిలిపోయిన రెండు టెలిస్కోపులు నాసాకు ఇచ్చేసింది. వాటి అద్దాలు కూడా 2.4 మీటర్లే, అచ్చం హబుల్ సైజు.

వేగుచుక్క:
మీరిద్దరూ మొదటి రోజు దగ్గరే కొట్టుకుంటున్నారు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. హబుల్ పంపిన ఫొటోలు మసకగా వచ్చాయి. అద్దం అంచు దగ్గర ఉండాల్సిన దానికంటే సుమారు 2.2 మైక్రాన్లు ఎక్కువ అరిగింది, వెంట్రుక మందంలో సుమారు యాభయ్యో వంతు. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక లెన్సు ఉండాల్సిన చోటికి 1.3 మి.మీ. తేడాగా ఉండటం వల్ల వచ్చిన తిప్పలిది. ఈ తప్పును భూమి నుంచి ఏ కమాండూ సరిచేయలేదు.

1993 డిసెంబర్‌లో ఎండెవర్‌లో ఏడుగురు వెళ్ళి ఐదు స్పేస్‌వాక్‌లు చేశారు. నిలువెత్తు బీరువా అంత పెట్టెను లోపల అమర్చారు. మసకను సరిచేసే అద్దాలు అందులో ఉన్నాయి, ఒక్కోటి రూపాయి బిళ్ళంత. దానికంటే నాకు నచ్చింది మొదటి స్పేస్‌వాక్‌లో తలుపుల గొడవ. టెలిస్కోప్‌ను గురి తప్పకుండా నిలిపే జైరోలు మార్చాక, అవి ఉండే గది తలుపులు సరిగ్గా మూతపడలేదు. స్టోరీ మస్‌గ్రేవ్, జెఫ్ హాఫ్‌మన్ ఒక పట్టీ తగిలించి, రెండు తలుపుల్నీ దగ్గరికి లాగి, గడియలు పడేలా చేశారు. నిండిన సూట్‌కేసు మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతామే, అలాగ. ఇలాంటిది ముందే ఊహించి ఏ యంత్రానికి నేర్పిస్తారు? బావిలో పడ్డ చేదను గాలం వేసి తీయొచ్చు. గాలానికి చిక్కకపోతే మనిషి దిగాల్సిందే.

లెక్కల మాస్టారు:
తలుపుల సంగతి నాకు తెలియదు, బాగుంది. కానీ వేగుచుక్క గారూ, దానికి కట్టిన మూల్యం చూడండి. మనుషులు అందుకోవాలనే కదా దాన్ని భూమికి అంత దగ్గర పెట్టారు! 95 నిమిషాలకోసారి తిరిగే ఆ కక్ష్యలో చాలా నక్షత్రాలకు ప్రతి చుట్టులో దాదాపు సగం సేపు భూమే అడ్డం. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 15 లక్షల కి.మీ. దూరాన ఉంది కాబట్టి ఆ బాధ లేదు. దాన్ని విప్పడానికి ఎవరూ వెళ్ళలేదు, వెళ్ళలేరు కూడా.

ఇంకోటి. 1999 జులైలో కొలంబియా షటిల్ చంద్ర ఎక్స్ రే టెలిస్కోప్‌ను తీసుకెళ్ళింది, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిందే. అక్కడా ఐదుగురు, వారిలో హాలీ కూడా ఉన్నాడు. బయటికి వదిలాక బూస్టర్ దాన్ని మనుషులకు అందనంత ఎత్తుకు తీసుకెళ్ళింది. ఐదేళ్ళకని చేసిన టెలిస్కోప్, ఏ మెకానిక్కూ ముట్టుకోకుండా పాతికేళ్ళు దాటింది.

వేగుచుక్క:
చంద్ర విషయంలో మీతో ఏకీభవిస్తాను. అక్కడ మనుషులు కేవలం లారీ డ్రైవర్లు. హబుల్ వేరు, దాన్ని కట్టిందే విప్పి బాగుచేసేలా. చుట్టూ పట్టుకునే కమ్మీలు, సొరుగుల్లా బయటికి లాగే పరికరాలు.

2003లో కొలంబియా కూలాక, కల్పనా చావ్లా పోయిన ప్రమాదం అది, చివరి రిపేరు ప్రయాణాన్ని 2004లో రద్దు చేశారు. రోబోతో చేయిద్దామన్నారు. నిపుణుల కమిటీ ఆలోచించి మనుషులే నయమంది. 2009 మేలో వెళ్ళారు, ఏమైనా అయితే కాపాడటానికి ఎండెవర్‌ను ఇంకో ప్యాడ్ మీద సిద్ధంగా నిలబెట్టి మరీ. అక్కడ ఒక కమ్మీకి ఉన్న స్క్రూ అరిగిపోయి రాలేదు. వెళ్ళినవారిలో మైక్ మాసిమినో చాలాసేపు తంటాలు పడి, చివరికి కమ్మీని చేత్తో పెరికేశాడు. దాని కింద ఇంకా వందకు పైగా చిన్న స్క్రూలు తీయాలి. అవి ఎగిరిపోకుండా పట్టుకునే ప్లేటు ముందే తయారుచేసుకెళ్ళారు. స్క్రూలకు ప్లేటు ఉంది, మొండికేసిన కమ్మీకి మాత్రం ఏ పనిముట్టూ లేదు.

సూళ్లూరుపేట కుర్రోడు:
సరే, రిపేరుకు ఒప్పుకుంటా. కానీ రిపేరుకు మనిషి కావాలంటే, తొలిసారి మోసుకెళ్ళడానికీ మనిషే కావాలని కాదుగా? రాకెట్‌తో పైకి పంపి, పాడైనప్పుడు మనుషులు వెళ్ళొచ్చు.

రాత్రిడ్యూటీ:
ఇది నేను కాదనలేను. చైనా వాళ్ళు షున్‌టియన్ టెలిస్కోప్‌ను అలాగే ప్లాన్ చేశారు. రాకెట్ మీద వెళ్తుంది, వాళ్ళ అంతరిక్ష కేంద్రం ఉన్న కక్ష్యలోనే తిరుగుతుంది, రిపేరు ఉంటే దగ్గరికొచ్చి ఆగుతుంది.

లెక్కల మాస్టారు:
అలాగైతే నా ఓటు సగమే మారింది. సోమవారం ఆ పాపకు కమ్మీ పెరికిన కథ చెప్తాను. 2024 నుంచి హబుల్ ఒక్క జైరోతోనే నెట్టుకొస్తోంది, ఇప్పుడెవరు వెళ్తారని అడిగిందంటే మళ్ళీ ఇక్కడికే రావాలి.