అప్‌డేట్: కావలి కొట్లో పాత కంప్యూటర్‌కి గ్రబ్ ఎక్కింది

నాన్న కొట్లో మూలనపడ్డ కంప్యూటర్లో లినక్స్ (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కిస్తుంటే చివర్లో గ్రబ్ (కంప్యూటర్ ఆన్ చేయగానే లినక్స్‌ని లేపే ప్రోగ్రాం) దగ్గర ఆగిపోతోందని మొన్న అడిగా కదా. డిస్కు పోయిందనుకుని ఒంగోలు వెళ్లి కొత్తది కొనబోయా. తీరా చూస్తే దాని తప్పేం లేదు. డిస్కుని జీపీటీ అనే కొత్త పద్ధతిలో భాగాలుగా విడగొట్టింది నేనే. ఈ ముసలి మిషన్‌లోనేమో ఆన్ చేయగానే ముందు నడిచే కొత్తరకం ప్రోగ్రాం యూఈఎఫ్ఐ లేదు, ఉత్త పాతరకం బయాసే. అలాంటప్పుడు గ్రబ్ తన కోర్ ఇమేజ్ (దాని అసలు భాగం) పెట్టుకోడానికి విడిగా చోటు కావాలి. మీలో ఒకరు చెప్పినట్టే లైవ్ యూఎస్‌బీతో (లినక్స్‌ని నేరుగా నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, డిస్కుని విడగొట్టే జీపార్టెడ్ ప్రోగ్రాంలో 1 ఎంబీ పార్టిషన్ (భాగం) చేసి, ఫార్మాట్ చేయకుండా 'బయాస్ గ్రబ్' ఫ్లాగ్ (గుర్తు) పెట్టా. గ్రబ్‌ని ఎస్‌డీఏ1కి (డిస్కులో ఒక భాగం) కాకుండా ఎస్‌డీఏకే (మొత్తం డిస్కు) రాయించా (ముందు ఇక్కడా తప్పులో కాలేశా). మెనూ వచ్చేసింది!

నాన్న మాత్రం, "ఒక్క ఎంబీకా అబ్బయా, నాలుగు రాత్రులు కరెంటు కాల్చావు?" అన్నాడు.